జ్వరాల సీజన్‌లో ఫుట్‌బాల్ టోర్నమెంట్ నడపడం ఎలా: కరోనా కాలం లీగుల నుంచి మనం ఎత్తుకోదగ్గవి

వీకెండ్‌లో టర్ఫ్ మీద సెవెన్స్ (టీమ్‌కి ఏడుగురు ఆడే) టోర్నమెంట్ పెట్టేవాళ్లకి, అపార్ట్‌మెంట్ లీగ్ నెత్తినేసుకున్న అంకుల్స్‌కి, బస్తీ గ్రౌండ్‌లో పిల్లల్ని ఆడించే అన్నలకి ఇది. కరోనా పోయింది కదా, ఇప్పుడెందుకు అంటారా? ఆగస్టు వస్తే చాలు, హైదరాబాద్‌లో ఇంటికొకరు ముసుగుతన్ని పడుకుంటారు, శనివారం రాత్రి పదకొండుకి టీమ్‌లో ముగ్గురు "అన్నా, బాడీ పెయిన్స్" అని మెసేజ్ పెడతారు, అక్కడ నుంచి ఆర్గనైజర్‌కి టెన్షన్ మొదలు. మ్యాచ్ పెట్టాలా ఆపాలా, వాకోవర్ (ఆడకుండానే ఎదుటి టీమ్‌కి గెలుపు) ఇవ్వాలా, ఫీజు వాపస్ ఇవ్వాలా, ఇస్తే ఎంత. ఇవే ప్రశ్నలు 2020లో ప్రపంచంలో ఉన్న ప్రతి పెద్ద లీగ్ ముందుకీ వచ్చాయి. వాళ్లు కోట్లు ఖర్చుపెట్టి, కోర్టులకెక్కి, ఊరందరి చేత తిట్లు తిని తేల్చుకున్నారు. మనం ఊరికే తీసుకోవచ్చు.

ముందే చెప్తున్నా, బయో బబుల్, అంటే టీముల్ని బయటివాళ్లతో కలవనివ్వకుండా ఒకేచోట ఉంచి ఆడించడం, మాత్రం మన వల్ల కాదు. 2020-21 ఐఎస్ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) సీజన్ మొత్తాన్నీ గోవాలోనే పెట్టారు. టీములన్నీ నెలల తరబడి హోటళ్లలో ఉండి, ఫతోర్డా, బాంబోలిం, వాస్కోలోని తిలక్ మైదాన్, ఈ మూడు గ్రౌండ్లలోనే ఆడాయి. స్టాండ్స్‌లో జనం లేరు, మాటిమాటికీ టెస్టులు. మరుసటి సీజన్ కూడా గోవాలోనే. మన హైదరాబాద్ ఎఫ్‌సీ 2022 మార్చి 20న ఫైనల్లో కేరళ బ్లాస్టర్స్‌ని పెనాల్టీల్లో కొట్టి కప్పు ఎత్తుకొచ్చింది, కీపర్ కట్టిమణి మూడు పెనాల్టీలు ఆపాడు, కానీ ఆ సీజన్‌లో గచ్చిబౌలి స్టేడియంలో ఒక్క మ్యాచ్ కూడా జరగలేదు, మనలో చాలామందికి ఆ ఆనందమంతా టీవీ ముందే. అంత కట్టుదిట్టం చేసినా 2022 జనవరిలో టీముల్లోకి వైరస్ దూరింది, ఒకదాని తర్వాత ఒకటి మ్యాచులు వాయిదా పడ్డాయి. డబ్బు పోసి కట్టిన గోడకే కన్నం పడితే మన టర్ఫ్ చుట్టూ ఉన్న నైలాన్ వల ఏం ఆపుతుంది?

కాబట్టి మనం తెచ్చుకోవాల్సింది బబుల్ కాదు. ముందే రాసుకున్న రూల్స్, చిన్న గ్రూపులు, జ్వరం వచ్చినవాడు తొందరపడకుండా తిరిగి రావడం, ఈ మూడూ. వీటికి పైసా ఖర్చు లేదు, కాకపోతే మొహమాటం వదలాలి. నిజం చెప్పాలంటే మన దగ్గర అదే ఎక్కువ కష్టం.

ఫిక్స్చర్ కంటే ముందు రూల్స్ పెట్టండి

2020 ఏప్రిల్ ఆఖర్లో ఫ్రాన్స్ తమ లీగ్‌ని ఎక్కడిదక్కడ ముగించేసి, అప్పటిదాకా ఆడిన మ్యాచులకి సగటు పాయింట్లు లెక్కేసి పట్టిక తేల్చింది. పారిస్ క్లబ్ పీఎస్‌జీ ఛాంపియన్. ఏడో స్థానంలో తేలిన లియాన్‌కి మరుసటి ఏడాది యూరప్ టోర్నీల్లో చోటు పోయింది, వాళ్లు పెద్ద లొల్లి చేశారు. కింది డివిజన్‌కి పొమ్మన్నందుకు అమియాన్ కోర్టుకి వెళ్లింది. తమాషా ఏంటంటే అదే లియాన్ ఆగస్టులో మాంచెస్టర్ సిటీని ఓడించి ఛాంపియన్స్ లీగ్ సెమీస్ దాకా పోయింది. నెదర్లాండ్స్ ఇంకో దారి పట్టింది: అయాక్స్, ఏజెడ్ రెండూ 56 పాయింట్ల మీద ఉండగా లీగ్ ఆపేసి, ఈసారి ఛాంపియనే లేడు, పైకి వెళ్లేదీ కిందికి పడేదీ లేదు అనేశారు.

ఏది న్యాయం అనేది తెల్లారేదాకా వాదించుకోవచ్చు. నాకు మాత్రం రెండూ సరైనవే అనిపిస్తాయి, ముందే చెప్పి ఉంటే. ఆట ఆగిపోయాక రూల్ రాస్తే అది ఎవరికి లాభమో రాసేవాడికీ తెలుసు, వినేవాడికీ తెలుసు, ఇక ఎంత న్యాయంగా రాసినా ఎవడూ నమ్మడు. మన లెవెల్లో అయితే ఇంకా ఘోరం, ఎందుకంటే ఆర్గనైజర్‌కి కూడా ఒక టీమ్ ఉంటుంది.

వాయిదాల సంగతి ఇంకా జాగ్రత్తగా చూడాలి. ఇంగ్లండ్ ప్రీమియర్ లీగ్‌లో ఒక కీపర్, 13 మంది మిగతా ప్లేయర్లు దొరక్కపోతే మ్యాచ్ వాయిదా అడగొచ్చని రూల్ ఉండేది. ఎందుకు దొరకలేదో అంత గట్టిగా రాసుకోలేదు. 2022 జనవరిలో టాటెన్‌హామ్‌తో మ్యాచ్‌కి ముందు ఆర్సెనల్ వాయిదా అడిగింది, లీగ్ ఇచ్చేసింది, తీరా చూస్తే ఆ టీమ్‌లో కరోనా కేసు ఒక్కటే, మిగతావాళ్లు గాయాలతోనో, ఆఫ్రికా కప్‌కి వెళ్లో, వేరే క్లబ్‌కి లోన్ మీద పోయో లేరు. గోల గోల అయ్యాక, కనీసం నలుగురికి కరోనా ఉంటేనే వాయిదా అని ఫిబ్రవరి నుంచి రూల్ మార్చారు. మన దగ్గర ఆఫ్రికా కప్ ఉండదు, మాఘమాసం పెళ్లిళ్లు ఉంటాయి. పన్నెండు మందిలో ఏడుగురు ఒకే దోస్తు బారాత్‌కి పోయి, పొద్దున "అందరికీ ఫీవర్ భాయ్" అని పెడతారు. అందుకని రూల్‌లో కారణం రాయండి, లెక్క రాయండి, ఎన్నిసార్లో రాయండి.

వాట్సాప్ గ్రూప్‌లో ఇలాంటిది ఒకటి పిన్ చేసి, ప్రతి కెప్టెన్ దగ్గరా "ఓకే" అనిపించుకున్నాకే ఫీజు తీసుకోండి:

"జ్వరం, ఒళ్లునొప్పులు, విరేచనాలు, కొత్తగా మొదలైన దగ్గు ఉన్నవాళ్లు ఆడరు, చూడ్డానికి కూడా రారు. ముందురోజు రాత్రి 9 లోపు కెప్టెన్‌కి, కెప్టెన్ ఆర్గనైజర్‌కి చెప్పాలి. జబ్బుల వల్ల ఆరుగురి కంటే తక్కువ మిగిలితే ఆ టీమ్‌కి టోర్నీ మొత్తంలో ఒక్కసారి వాయిదా. రెండోసారి వాకోవర్, 3-0. పెళ్లి, ఊరు, ఆఫీస్ షిఫ్ట్ లెక్కలోకి రావు. టోర్నీ మధ్యలో ఆగిపోతే, అన్ని టీములూ సగం మ్యాచులు ఆడి ఉంటే సగటు పాయింట్లతో విన్నర్, లేకపోతే విన్నర్ లేడు, మిగిలిన డబ్బు వాపస్."

నంబర్లు మీ ఇష్టం, మార్చుకోండి. కానీ ప్రూఫ్ అడగాలా వద్దా అన్న దగ్గర నా మాట వినండి: డాక్టర్ చీటీ అడగొద్దు. అడిగితే జ్వరం ఉన్నవాడు చీటీ కోసం తిరగలేక గ్రౌండ్‌కే వస్తాడు. నమ్మండి, ఒక్కసారే కదా వాయిదా ఇచ్చేది, అబద్ధం చెప్పి దాన్ని వాడుకుంటే తర్వాత నిజంగా జబ్బు పడ్డప్పుడు వాళ్లే ఏడుస్తారు.

ఒక టీమ్‌కి వాయిదా ఇస్తే ఆ మ్యాచ్ ఎప్పుడు పెడతారన్నది కూడా అప్పుడే అనుకోవాలి. జర్మనీ రెండో డివిజన్‌లో డైనమో డ్రెస్డెన్ అనే టీమ్ ఉంది. 2020 మేలో లీగ్ మళ్లీ మొదలవుతుందనగా ఇద్దరికి పాజిటివ్ వచ్చింది, టీమ్ మొత్తాన్నీ 14 రోజులు ఇంట్లో కూర్చోబెట్టారు. మిగతావాళ్లు ఆడేసుకున్నారు. బయటికొచ్చాక వీళ్లు మ్యాచ్ మీద మ్యాచ్ ఆడాల్సి వచ్చింది, అప్పటికే అట్టడుగున ఉన్నారు, చివరికి మూడో డివిజన్‌కి పడిపోయారు. మన దగ్గర వాయిదా పడ్డ మ్యాచ్‌ని "ఏముంది, ఆదివారం పొద్దున ఒకటి సాయంత్రం ఒకటి ఆడేస్తారు" అనడం మామూలే. జ్వరం నుంచి లేచిన టీమ్‌తో రోజుకి రెండు మ్యాచులు ఆడించడం దుర్మార్గం. ఫైనల్‌కి ముందు ఒక వారం ఖాళీగా వదిలేయండి, వాయిదాలన్నీ అక్కడికి పోతాయి.

ఎవరితో ఎవరు కలుస్తున్నారో తగ్గించండి

2020 మే 19న ఇంగ్లండ్ క్లబ్బులు ప్రాక్టీస్ మొదలుపెట్టినప్పుడు ఎలా చేశారో చూడండి. గ్రూపుకి ఐదుగురే, గంటంపావు కంటే ఎక్కువ వద్దు, ట్యాకిల్స్ లేవు, ఎవడి కారులో వాడు కిట్ వేసుకునే వచ్చి, చెమటతోనే ఇంటికి పోవాలి, స్నానం ఇంట్లోనే. కోట్లు సంపాదించే ప్లేయర్లు మన గల్లీ పిల్లల్లాగా ఇంటి దగ్గరే షూ కట్టుకుని వచ్చారన్నమాట. మొదటి రౌండ్‌లో 748 మందికి టెస్ట్ చేస్తే 6 పాజిటివ్ వచ్చాయి. ఆ ఆరుగురినీ పక్కన పెట్టి మిగతా పని ముందుకి నడిపారు. చిన్న గ్రూపుల్లో ఉన్న మర్మం ఇదే, ఒకడు పడితే వాడితోపాటు ఎంతమంది పడతారన్నది మన చేతిలో ఉంటుంది.

మనకి దీని అర్థం ఏంటి? ఒకటి, స్క్వాడ్‌లు మూసేయండి. ఒక్కో టీమ్‌కి పన్నెండు మంది పేర్లు, అంతే. ప్రతి ఏరియాలో ఒక స్టార్ ఉంటాడు, పొద్దున ఒక టీమ్‌కి ఆడి, మధ్యాహ్నం ఇంకో టీమ్‌కి "గెస్ట్"గా దిగి, సాయంత్రం మూడో గ్రౌండ్‌లో కనిపిస్తాడు. వాడు బాగా ఆడతాడు, నిజమే. కానీ వాడికి జ్వరం వస్తే మూడు టీములకి పంచుతాడు, పైగా గెస్టుల వల్ల వచ్చే లొల్లి జ్వరం లేకపోయినా ఉంటుంది.

రెండు, స్లాట్‌కీ స్లాట్‌కీ మధ్య పావుగంట ఖాళీ. మన టర్ఫులకి దాదాపు అన్నిటికీ ఒకటే చిన్న గేటు, దాని పక్కనే ఒక బెంచీ, చెప్పుల గుట్ట. లోపల ఆడేవాళ్లు ఇంకో రెండు నిమిషాలు అని సాగదీస్తుంటారు, బయట నెక్స్ట్ స్లాట్ వాళ్లు వల పట్టుకుని వేలాడుతూ "టైమ్ అయింది భాయ్" అని అరుస్తుంటారు, విజిల్ పడగానే ఇటు పద్నాలుగు మంది అటు పద్నాలుగు మంది ఆ గేటు దగ్గర మూతులు తగిలేంత దగ్గరగా ఇరుక్కుంటారు. మ్యాచ్ మొత్తంలో ప్రత్యర్థి ఊపిరి అంతసేపు మీ మొహం మీద పడదు. పావుగంటకి డబ్బులు పోతాయని టర్ఫ్ ఓనర్ ఒప్పుకోకపోతే మ్యాచ్‌నే కుదించండి, హాఫ్‌కి ఐదు నిమిషాలు తగ్గితే కొంప మునగదు.

మూడు, అసలు మ్యాచుల సంఖ్యే తగ్గించండి. 2020 ఆగస్టులో ఛాంపియన్స్ లీగ్ క్వార్టర్స్ నుంచి ఇంటా బయటా రెండేసి మ్యాచులు తీసేసి, అందరినీ లిస్బన్‌కి పిలిపించి ఒక్కో మ్యాచ్‌తో తేల్చారు. బార్సిలోనా మీద జర్మనీ క్లబ్ బయర్న్ 8-2 కొట్టింది ఆ పద్ధతిలోనే, సెకండ్ లెగ్ లేదు కాబట్టి బార్సిలోనా తేరుకోడానికి దారి కూడా లేదు. ఫైనల్లో పీఎస్‌జీని 1-0తో ఓడించి కప్పు కూడా వాళ్లే పట్టుకెళ్లారు. ఆ టోర్నీ చూసి చాలామంది ఇదే బాగుందన్నారు, నేనూ ఆ పార్టీయే. ఎనిమిది టీములుంటే రెండు గ్రూపులు చేసి, సెమీస్, ఫైనల్. అందరూ అందరితో ఆడే లీగ్ జనవరిలో పెట్టుకోండి, వానాకాలంలో వద్దు.

గేటు దగ్గర

మొహమాటం లేకుండా అడిగే మనిషి ఒకరు కావాలి. థర్మామీటర్ గన్ కొనకండి, దండగ, ఎందుకంటే మనవాళ్లు పొద్దున్నే డోలో వేసుకుని వస్తారు, గన్ 97 చూపిస్తుంది. దానికంటే మనిషిని చూసి "నిన్న రాత్రి టాబ్లెట్ వేసుకున్నావా?" అని సూటిగా అడిగితే చాలాసార్లు మొహం చెప్పేస్తుంది. కెప్టెన్‌ని ఆ పనికి పెట్టకండి, వాడికి గెలవాలని ఉంటుంది. గ్రౌండ్‌కి వచ్చే ఒక అమ్మనో, పెద్దాయననో పెట్టండి.

అడిగే పని కిక్ ఆఫ్‌కి ముందే అయిపోవాలి. 2021 సెప్టెంబర్ 5న బ్రెజిల్, అర్జెంటీనా వరల్డ్ కప్ క్వాలిఫయర్ సావో పాలోలో మొదలైంది, ఐదు నిమిషాలు ఆడారో లేదో బ్రెజిల్ ఆరోగ్య శాఖ అధికారులు గ్రౌండ్‌లోకి నడిచొచ్చి ఆపేశారు. ఇంగ్లండ్ నుంచి వచ్చిన నలుగురు అర్జెంటీనా ప్లేయర్లు క్వారంటైన్‌లో ఉండాల్సినవాళ్లని గొడవ. ఒకపక్క మెస్సీ, ఇంకోపక్క నేమార్, ప్రపంచమంతా చూస్తోంది, మధ్యలో ఆఫీసర్లు కాగితాలు పట్టుకుని. ఆ మ్యాచ్ మళ్లీ ఎప్పటికీ జరగలేదు. అందుకే అనేది, ఎవడినైనా ఆపాలంటే గేటు బయటే ఆపండి, షూ కట్టుకుని వార్మప్ చేశాక పొమ్మంటే పోడు, వాడి దోస్తులు పోనివ్వరు.

బిబ్స్, నీళ్లు, ఉమ్ములు

టర్ఫ్ వాళ్లిచ్చే బిబ్స్, అదే ఏ టీమో తెలియడానికి పైన తొడుక్కునే రంగు బనియన్లు, చూశారా ఎప్పుడైనా సరిగ్గా? మూలన ప్లాస్టిక్ బుట్టలో ఆరెంజ్‌వి, పచ్చవి కలిసి ముద్దగా పడుంటాయి, కిందవి ఇంకా తడిగా ఉంటాయి, ఆ తడి ఏడు గంటల స్లాట్ వాళ్ల చెమట. ఎనిమిదింటికి మీరు దాన్ని తలమీదుగా, ముక్కుకి రాసుకుంటూ తొడుక్కుంటారు. దీనికి పరిష్కారం ఎంత తేలికంటే చెప్పడానికే సిగ్గుగా ఉంటుంది: ప్రతి ప్లేయర్ ఒక తెల్ల టీషర్ట్, ఒక ముదురు రంగు టీషర్ట్ బ్యాగ్‌లో తెచ్చుకోవాలి.

నీళ్లు కూడా అంతే. 20 లీటర్ల క్యాన్, దానికి ఒకటే గ్లాసు, అది చేతులు మారుతూ పోతుంది. ఎత్తిపట్టి గొంతులో పోసుకునే మన పాత అలవాటు మంచిదే కానీ ఆయాసంలో ఎవడూ ఎత్తిపట్టడు, మూతి పెట్టేస్తాడు. క్యాన్ ఉండనివ్వండి, గ్లాసు తీసేయండి, ఎవరి బాటిల్ వాళ్లు పట్టుకుంటారు. బాటిల్ మీద మార్కర్‌తో పేరు.

ఉమ్మడం, ముక్కు చీదడం గురించి చెప్తే నవ్వుతారు, కీపర్లు గ్లోవ్స్ మీద ఉమ్ముకోవడం గురించి చెప్తే కొట్టడానికి వస్తారు. కానీ 2020లో ఇంగ్లండ్ ఫుట్‌బాల్ అసోసియేషన్, కావాలని దగ్గరికొచ్చి ఎదుటివాడి మొహం మీద దగ్గితే రెడ్ కార్డ్ కూడా ఇవ్వొచ్చని రిఫరీలకి రాసి ఇచ్చింది. మీరు రెడ్ ఇవ్వకపోయినా ఒక ఎల్లో చూపించండి, ఒక్కడికి చూపిస్తే చాలు.

టాస్ తర్వాత షేక్‌హ్యాండ్, హాఫ్ టైమ్‌లో భుజాల మీద చేతులేసుకుని గుండ్రంగా తలలు కలిపే హడల్, గోల్ కొట్టినవాడి మీద అందరూ పడిపోవడం, ఈ మూడింటిలో నేను హడల్ ఒక్కదాన్నే గట్టిగా ఆపుతాను. అక్కడ తలలు దగ్గరగా పెట్టి అరుచుకుంటారు కాబట్టి. 2020 మే 16న జర్మనీ లీగ్ మళ్లీ మొదలైనప్పుడు డార్ట్‌మండ్ ప్లేయర్ ఎర్లింగ్ హాలండ్ షాల్కే టీమ్ మీద మొదటి గోల్ కొట్టి కార్నర్ దగ్గర ఒక్కడే డాన్స్ చేస్తే, టీమ్‌మేట్స్ దూరంగా నిలబడి చప్పట్లు కొట్టారు. చూడ్డానికి బాగుంది, కానీ తర్వాతి వారాల్లో చాలా టీములు మామూలుగా వాటేసుకున్నాయి. గోల్ ఆనందాన్ని రూల్‌తో ఆపలేం, వదిలేయండి.

బంతికి శానిటైజర్ కొట్టడం, గోల్ పోస్టులు తుడవడం కూడా వదిలేయండి. అప్పట్లో తెలియక అందరూ చేశారు, జబ్బు ఎక్కువగా ఊపిరి నుంచే పాకుతుందని తర్వాత తేలింది. గేటు దగ్గర ఒక సబ్బు, నల్లా ఉంటే చాలు.

మ్యాచ్ తర్వాతే అసలు సంగతి

ఆరుబయట, గాలి ఆడే చోట, కదులుతూ ఉన్న మనుషుల మధ్య ఇలాంటి జబ్బులు అంత తేలిగ్గా అంటవు. కిటికీలు మూసిన కారులో, ఏసీ గదిలో తేలిగ్గా అంటుతాయి. మన ప్లేయర్లు గ్రౌండ్‌లో గంట ఉంటారు, ఆ తర్వాత ఐదుగురు ఒక స్విఫ్ట్‌లో ఇరుక్కుని, అద్దాలెత్తి ఏసీ వేసి, బార్కాస్ పోయి, పరదా కట్టిన చిన్న క్యాబిన్‌లో కింద కూర్చుని ఒకే పెద్ద పళ్లెంలో మండీ తింటారు. ఒకడు ముక్క తుంచి పక్కవాడి వైపు తోస్తాడు, ఇంకోడు దగ్గుతూనే అన్నం కలుపుతాడు, ఎవడూ ఏమీ అనడు, అంటే బాగుండదు కదా. గ్రౌండ్‌లో చేసిన జాగ్రత్తంతా ఆ పళ్లెంలో పోతుంది.

మండీ మానేయమని చెప్పే ధైర్యం నాకు లేదు, బార్కాస్ ఫుట్‌బాల్‌కీ మండీకీ రెండింటికీ పేరున్న ఊరు, రెండూ కలిసే ఉండాలి. జ్వరాల టైమ్‌లో మాత్రం విడి ప్లేట్లు అడగండి, ఇస్తారు. పార్సిల్ తెచ్చుకుని బయట తింటే ఇంకా మంచిది. బైకుల మీద పోండి, కారైతే అద్దాలు దించండి. ఇరానీ చాయ్ అయితే రోడ్డు మీద నిలబడే తాగుతాం కాబట్టి దాని జోలికి వెళ్లను, వన్ బై టూ మాత్రం వద్దు.

రూల్ పెట్టినవాళ్లకి కూడా రూల్ వర్తించాలి. జర్మనీ లీగ్ మళ్లీ మొదలయ్యే వారంలో ఆగ్స్‌బర్గ్ కొత్త కోచ్ హైకో హెర్లిష్, టీమ్ క్వారంటైన్‌లో ఉన్న హోటల్ నుంచి టూత్‌పేస్ట్, స్కిన్ క్రీమ్ కొనుక్కోడానికి సూపర్ మార్కెట్‌కి వెళ్లాడు. ఆ సంగతి ప్రెస్ మీట్‌లో తనే మాటల్లో చెప్పేశాడు. తన మొదటి మ్యాచ్‌కే బెంచ్ మీద లేకుండా పోయాడు. టూత్‌పేస్ట్‌కి ఇంత శిక్షా అని నవ్వుకున్నాం కానీ, కోచ్‌నే కూర్చోబెట్టాక ఇక ఆ టీమ్‌లో ఏ ప్లేయర్ ఎదురు మాట్లాడతాడు చెప్పండి. మీకు జ్వరంగా ఉంటే ఆర్గనైజర్ అయినా సరే, ఇంట్లో కూర్చుని ఫోన్‌లో నడపండి.

జ్వరం తగ్గినవాడు ఎప్పుడు ఆడాలి

ఇక్కడ మాత్రం తమాషా లేదు. అల్ఫోన్సో డేవిస్, బయర్న్ లెఫ్ట్ బ్యాక్, ప్రపంచంలో అత్యంత వేగంగా పరిగెత్తే ప్లేయర్లలో ఒకడు, అప్పటికి 21 ఏళ్లు. 2022 జనవరిలో కరోనా వచ్చింది, తగ్గింది, తర్వాత చేసిన పరీక్షల్లో గుండె కండరానికి కొద్దిగా వాపు ఉందని తేలింది. ఏప్రిల్ దాకా ఆడలేదు. వాళ్ల క్లబ్‌లో డాక్టర్లున్నారు కాబట్టి దొరికింది. మన దగ్గర 21 ఏళ్ల కుర్రాడు మంగళవారం 102 జ్వరంతో ఉండి ఆదివారం సెమీస్‌లో స్ప్రింట్ కొడతాడు. గుండె కండరం వాపు కరోనాకే కాదు, వేరే వైరస్‌ల వల్ల కూడా రావచ్చు, ఆ వాపు మీద గట్టిగా పరిగెడితే ప్రాణం మీదికి రావచ్చు.

స్పోర్ట్స్ డాక్టర్లు చెప్పే మెడ లెక్క ఒకటుంది, పిల్లలకి కూడా గుర్తుంటుంది. మెడ పైన మాత్రమే, అంటే ముక్కు కారడం, కొంచెం గొంతు గరగర ఉంటే మెల్లగా ఒంటరిగా జాగింగ్ చేసుకోవచ్చు. మెడ కింద ఏమున్నా, అంటే ఛాతీలో దగ్గు, ఒళ్లునొప్పులు, కడుపు, జ్వరం, ఏ ఒక్కటున్నా అడుగు పెట్టకూడదు. టీమ్‌మేట్స్‌తో ఆడటం ముక్కు కారుతున్నా వద్దు, అది వాళ్ల కోసం.

తిరిగి రావడం మెట్లు మెట్లుగా చేయించండి. టాబ్లెట్ లేకుండా జ్వరం పూర్తిగా పోయి, నీరసం తగ్గి, మామూలుగా మెట్లెక్కగలిగాక మొదలు. ముందు నడక, ఏ తేడా లేకపోతే మరుసటి రోజు తేలిక జాగింగ్, ఆ తర్వాత బంతితో ఒంటరి డ్రిల్స్, తర్వాత టీమ్‌తో ట్యాకిల్స్ లేని ప్రాక్టీస్, అప్పుడు బెంచ్ మీద నుంచి ఓ పది నిమిషాలు. ఒక్కో మెట్టు మీద కనీసం ఒక రోజు. ఏ మెట్టు దగ్గరైనా ఛాతీలో నొప్పి, గుండె దడ, కళ్లు తిరగడం, మామూలు కంటే ఎక్కువ ఆయాసం వస్తే అక్కడే ఆపి డాక్టర్ దగ్గరికి, ఈసీజీ తీయించుకోకుండా మళ్లీ షూ ముట్టకూడదు. కరోనా అని తేలితే, లేదా జ్వరం రోజుల తరబడి ఉంటే, ఆడొచ్చని డాక్టరే చెప్పాలి, కెప్టెన్ కాదు.

డెంగ్యూ లెక్క వేరు. అది దోమ కుడితేనే వస్తుంది, బిబ్స్ వల్ల రాదు, కాబట్టి మిగతా టీమ్ భయపడక్కర్లేదు, టర్ఫ్ చుట్టూ టైర్లలో నిలిచిన నీళ్లు పారబోయిస్తే చాలు. కానీ డెంగ్యూ అనుమానం ఉన్న జ్వరంలో ఒళ్లునొప్పులకి బ్రూఫెన్ లాంటి పెయిన్ కిల్లర్లు సొంతంగా మింగకూడదు, రక్తస్రావం ముప్పు. ప్లేట్‌లెట్స్ పెరిగాయని రిపోర్ట్ వచ్చిన రోజే గ్రౌండ్‌కి పరిగెత్తేవాళ్లున్నారు, వాళ్లని గేటు దగ్గర నుంచే పంపేయండి.

సబ్‌స్టిట్యూట్లు, నీళ్ల బ్రేకులు

2020 మే 8న ఫుట్‌బాల్ రూల్స్ రాసే ఐఎఫ్‌ఏబీ మూడు సబ్‌స్టిట్యూట్ల బదులు ఐదుగురిని అనుమతించింది, తక్కువ రోజుల్లో ఎక్కువ మ్యాచులు, అదీ ఎండల్లో ఆడాల్సి వస్తుందని. తాత్కాలికం అన్నారు, 2022లో శాశ్వతం చేసేశారు. చిన్న క్లబ్బులు ఇది పెద్ద బెంచ్ ఉన్నవాళ్లకే లాభమని మొత్తుకున్నాయి, అందులో నిజముంది. సెవెన్స్‌లో మాత్రం ఆ గొడవే లేకుండా ఎన్నిసార్లైనా లోపలికి బయటికి వెళ్లొచ్చేలా రోలింగ్ సబ్స్ పెట్టండి. జ్వరాల నెలల్లో సగం మందికి ఊపిరి సగమే ఉంటుంది. ఇంగ్లండ్‌లో మళ్లీ మొదలుపెట్టినప్పుడు ప్రతి హాఫ్ మధ్యలో ఒక నిమిషం నీళ్ల బ్రేక్ ఇచ్చారు, చల్లటి దేశం వాళ్లే ఇచ్చుకుంటే మనం ఇవ్వకపోవడం ఏంటి.

చూసేవాళ్లు

జర్మనీలో మోన్‌షెన్‌గ్లాడ్‌బాఖ్ క్లబ్ ఒక్కోటి 19 యూరోలకి అభిమానుల ఫొటోల అట్టబొమ్మలు చేసి సీట్లలో కూర్చోబెట్టింది, ముచ్చటగా ఉండింది. దక్షిణ కొరియాలో ఎఫ్‌సీ సియోల్ కూడా బొమ్మలు పెట్టింది, అవి పెద్దలకి అమ్మే రకం బొమ్మలని టీవీలో చూసిన జనం పట్టేశారు, 10 కోట్ల వాన్ జరిమానా పడింది. మనకి అంత కష్టం వద్దు. ఒక ట్రైపాడ్, ఒక ఫోన్, యూట్యూబ్ లైవ్, కామెంటరీకి నోరున్న ఒక పిల్లాడు. తాతలు, నానమ్మలు, చంటిపిల్లలు ఇంట్లోనే చూస్తారు. పిల్లల మ్యాచ్ అయితే ఒక్కొక్కరికి ఒక పేరెంట్ చాలు.

డబ్బులు

జబ్బు దాచిపెట్టి రావడానికి సగం కారణం డబ్బు. టీమ్ ఫీజు కట్టేశాం, పోతుంది కదా అని వస్తారు. అందుకని ఎంట్రీ ఫీజుని ముందే రెండు భాగాలు చేసి చెప్పండి: టర్ఫ్ బుకింగ్, ట్రోఫీల ఖర్చు తిరిగి రాదు, మిగతాది ఆడని మ్యాచులకి తగ్గట్టు తిరిగొస్తుంది. టర్ఫ్ ఓనర్‌తో కూడా రద్దు సంగతి మాట్లాడి మెసేజ్‌లో రాయించుకోండి, చాలామంది డబ్బు ఇవ్వరు కానీ వేరే రోజు స్లాట్ ఇస్తారు, అది తీసుకోండి.

అందరికంటే ముఖ్యం రిఫరీ. ప్లేయర్ తన టీమ్‌తోనే ఉంటాడు, రిఫరీ ఆ రోజు వచ్చిన అన్ని టీముల మధ్యలోనూ పరిగెడతాడు, మ్యాచ్‌కి ఇంత అని లెక్క, మ్యాచ్ లేకపోతే రూపాయి లేదు. అలాంటప్పుడు ఒంట్లో బాగాలేకపోయినా విజిల్ పట్టుకుని వచ్చేస్తాడు, ఆయన్ని తప్పు పట్టలేం. మ్యాచ్ రద్దయినా, ఆయనకే జ్వరం వచ్చి రాలేకపోయినా కనీసం సగం డబ్బు ఇస్తామని మొదటి రోజే చెప్పండి, ఒక బదులు రిఫరీ నంబర్ దగ్గర పెట్టుకోండి, గ్రౌండ్‌లో సున్నం గీతలు గీసి వలలు కట్టే పిల్లాడికి కూడా అదే మాట ఇవ్వండి. ఆ డబ్బు ఎక్కడి నుంచి అంటారా, విన్నర్ ట్రోఫీ ఒక అడుగు పొట్టిది కొనండి.